ఆయా తిరుగు ప్రయాణము



బడి విడుచు గంట మ్రోగినది మొదలు తల్లిదండ్రులు పనినుండి యిల్లు చేరువఱకు బిడ్డ నెవరు కనిపెట్టి యుందురు? ఉమ్మడి కుటుంబములందు బామ్మయో మేనత్తయో యింట నుండుటచే ఈ ప్రశ్నకు తావు లేకుండెను. నేడు పట్టణములనుండి మన బిడ్డలు, “సాయంకాలము మూడు గంటల సేపు పిల్లవానిని చూచుటకు నమ్మకమైన మనిషిని వెదకి పెట్టుడు” అని మనకే కబురు చేయుచున్నారు. అట్టి కబురు మా అమ్మాయి యొద్దనుండి నాకును వచ్చినది. మనిషి నమ్మకమైనదా, శుచి గలదా, జీత మెంత యడుగును అని విచారింప బూనితిని. అంతలో చరిత్రలో చదివిన యొక వృత్తాంతము జ్ఞప్తికి వచ్చి, అడుగవలసిన ప్రశ్న మఱొకటి కలదని తోచినది.

పరుల బిడ్డను పెంచు స్త్రీకి మనవారు పెట్టిన పేరు దాది. సంస్కృతమునందలి ధాత్రీశబ్దమే యిట్లు మాఱినది. ఆ శబ్దమునకు భూమి యనియు నర్థము. ఆయా యను మాట పోర్చుగీసు భాషనుండి వచ్చి, ఆంగ్లేయుల యిండ్లలో స్థిరపడి, తుదకు మన బడులలోను ఆసుపత్రులలోను నిలిచినది.

ఆంగ్లేయ కుటుంబములు స్వదేశమున కేగునపుడు ఓడలో బిడ్డలను సాకుటకు ఆయాను వెంటగొని పోవుచుండెను. 1869లో సూయజు కాలువ తెఱచిన పిమ్మట ఈ ప్రయాణములు పెరిగినవి. ఓడ రేవు చేరగానే ఆమె పని ముగిసెడిది. తిరుగు ఖర్చు నిచ్చి పంపినవారు కొందఱు. చేత కాసు లేకుండ లండనులో విడిచినవారు కొందఱు. బిడ్డను తెచ్చి తల్లియింట చేర్చిన స్త్రీకి తన యిల్లు చేరు దారి లేకపోయెను.

అట్టి వారికై లండనులోని ఆల్డ్‌గేటు ప్రాంతమున ఆయాల వసతిగృహ మొకటి యేర్పడెను. 1900లో అది హాక్నీ యను పేటకు మాఱెను. లండను సిటీ మిషన్ అను క్రైస్తవ సంఘము దానిని నడపెను. దాని పద్ధతి గమనింపదగినది. తెచ్చిన కుటుంబము ఆమె తిరుగు టిక్కెట్టును గృహమున కప్పగించును. హిందూదేశమునకు పయనమై, ఆయా కావలసిన మఱొక కుటుంబము ఆ టిక్కెట్టును కొని, ఆమెను వెంటగొని పోవును. 2022లో హాక్నీలోని ఆ కట్టడమునకు స్మారకఫలకము నెలకొల్పిరి. కాని ఓడల పట్టికలలో పెక్కుమార్లు వారిని యజమాని పేరు చేర్చి “ఆయా” యని మాత్రమే వ్రాసిరి. వారిలో పెక్కుమంది సొంత పేర్లు మనకు దక్కలేదు.

మా యూరినుండి వెళ్లి మా అమ్మాయి యున్న పట్టణముననే కాపురమున్న యొకామెతో మాటలాడితిని. జీతము సంగతి ముగిసిన పిమ్మట, “అమ్మా, ఆ మూడు గంటలు నీ బిడ్డ యెవరి యొద్ద నుండును? చీకటి పడిన పిదప నీ విల్లెట్లు చేరుదువు?” అని యడిగితిని. ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట, తన కూతురు పొరుగింటి యరుగుమీద కూర్చుండి యుండు నని చెప్పినది.

మా అమ్మాయికి ఇట్లు వ్రాసితిని: “ఆమె కూతురును వెంట రానిమ్ము, నీ కుమారునితోపాటు ఆ పిల్లయు పాఠము చదువుకొనును. ఇల్లు చేరుటకు బండి ఖర్చు జీతములో కలుపక వేఱుగ నిమ్ము. పని చాలించునపుడు నెల ముందుగా చెప్పుము. ఆమెను పేరు పెట్టి పిలువుము.”

మీకును ఇట్టి కబురు వచ్చినచో, మనిషిని కుదుర్చుటకు ముందే ఆమె తిరుగు ప్రయాణమునుగూర్చి విచారింపుడు. మన బిడ్డను కాచునామెకును ఇంట బిడ్డ యుండవచ్చును.