అర మిల్లీగ్రాము నిద్ర

2015లో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు ముమ్మరం కాగానే, మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు కట్టారు. కొందరికి చేతులు వణుకుతున్నాయి, కొందరికి ఫిట్స్. ఎదురుగా లేని మనిషితో మాట్లాడేవాళ్లు కొందరు. కల్లు తాగినందుకు వచ్చిన జబ్బు కాదది, ఉన్నట్టుండి ఆగినందుకు వచ్చింది. ఆ సీసాల్లో ఈత చెట్టు నుంచి దిగినది ఎంతో గానీ, ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ మాత్రం దండిగా ఉన్నాయి.

ఈ మూడూ డాక్టర్లు మర్యాదగా చీటీ మీద రాస్తూ వచ్చిన మందులే. క్లోరల్ హైడ్రేట్‌ను 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేస్తే, 1869లో లీబ్రైక్ దాన్ని నిద్రమందుగా వాడుకలోకి తెచ్చాడు. ఆ తర్వాత బార్బిట్యురేట్లు వచ్చాయి. అవి మోతాదు కాస్త మించితే ప్రాణమే తీసేవి. రోష్ కంపెనీ రసాయనవేత్త లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన లిబ్రియం 1960లో, వేలియం 1963లో అంగట్లోకి వచ్చినప్పుడు అందరూ ఊపిరి పీల్చుకున్నది అందుకే. వేలియమే మన డైజీపాం. 1981లో అమెరికాలో ఆల్ప్రాజోలం దిగింది. వీటికి అలవాటుపడే గుణాన్ని ఆలస్యంగా పట్టించుకున్నారు. రెండు నుంచి నాలుగు వారాలు మించి వాడొద్దని బ్రిటన్ ఔషధ భద్రతా కమిటీ చెప్పేసరికి 1988 వచ్చింది.

హైదరాబాద్ శివారు తెల్లాపూర్‌లో ఏ అపార్ట్‌మెంట్ పై అంతస్తు నుంచి చూసినా, ఈ కథలో సగం కంటికి ఆనుతుంది. ఉత్తర దిక్కున పటాన్‌చెరు, దాని చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో చేయి తిరిగిన కెమిస్టులు, 1970 పేటెంట్ చట్టం ఇచ్చిన వెసులుబాటు కలిసి ఈ పట్టీని పెంచాయి. చవక మందు ఇక్కడి నుంచే దేశాలకు పోయింది. అదే విద్య దొంగదారీ పట్టింది. సంగారెడ్డి జిల్లాలో ఆల్ప్రాజోలం అక్రమ తయారీ కేసులు కొత్తేమీ కావు. ఎందుకింత గిరాకీ అంటే లెక్క చూడండి. అర మిల్లీగ్రాము ఒక మాత్ర. ఒక్క కిలో పొడి 20 లక్షల మాత్రలకు సరిపడుతుంది. డైజీపాంతో అదే మత్తు రావాలంటే సుమారు 20 రెట్లు బరువు మోయాలి.

ఈత చెట్లు లేని హైదరాబాద్‌లో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. చెట్టు లేకపోయినా కల్లు రోజూ వస్తూనే ఉంది! 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు ప్రాణాలే తీసింది.

కల్లు తాగేవాడికి తన గ్లాసులో ఏముందో తెలియదు. మరి తెలిసి మింగేవాళ్ల సంగతో? మెడికల్ షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే చాలు. పదేళ్ల కిందటి చీటీ, మడతల దగ్గర చిరిగి, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంటుంది. షాపతను స్ట్రిప్ లోంచి కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తాడు. ఆ ముక్క మీద మందు పేరు సగం, తేదీ అసలుండదు. ఆల్ప్రాజోలం, డైజీపాం షెడ్యూల్ హెచ్1 మందులు. 2014 మార్చి నుంచి అమలవుతున్న ఆ నిబంధన ప్రకారం డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి.

“ఒక్క రాత్రి మానేస్తే కన్ను మూతపడదు, కాబట్టి నాకిది కావాల్సిందే” అంటారు ఏళ్ల తరబడి వాడేవాళ్లు. ఆ మూతపడని కన్ను చాలాసార్లు పాత నిద్రలేమి కాదు, మందు తగ్గినందుకు మెదడు చేసే గొడవ. న్యూకాసిల్‌లో 1982 నుంచి 12 ఏళ్లు ఇలాంటివాళ్ల కోసమే క్లినిక్ నడిపిన ప్రొఫెసర్ హీథర్ ఆష్టన్, మాత్రను ఒక్కసారిగా ఆపకుండా వారాలు, నెలలు పట్టినా సరే కొంచెం కొంచెంగా తగ్గించే పద్ధతిని రాసిపెట్టారు. కల్లు ఆగి ఫిట్స్‌తో వచ్చినవాళ్లకూ డాక్టర్లు ముందు ఇచ్చేది డైజీపాం కుటుంబపు మందే, లెక్కగట్టిన మోతాదులో, రోజురోజుకీ కాస్త తగ్గిస్తూ.