నిప్పు కనబడని పొగ

రాయే, రా. ఆ సెల్లు పక్కన పడేసి కుంపటి దగ్గరికి జరుగు. ఏటా మూతి ముడుపు? రాత్రి నీ గదిలోకి నా చుట్ట వాసన కొట్టి నిద్ర పట్టలేదా? సరేలే, ఆ తగువు ఆఖరున తేల్చుకుందాం. పుష్యమాసాన పూస గుచ్చ పొద్దుండదంటారు గానీ, రాత్రికేం, కావలసినంత ఉంది.

మొన్న ఆ సెల్లులో దెయ్యం సినిమా చూపించావు కదా. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, కెవ్వుమని కేక. నవ్వొచ్చింది నాకు. మన ఇంటి దెయ్యం ఎన్నడూ కేకెయ్యలేదు. లెక్క పెట్టీది.

నవ్వకు. మీ నాన్న డాబా కట్టక ముందు ఇక్కడ పెంకుటిల్లు ఉండీది. వీధి అరుగు, నడవ, మధ్య గది, దాని వెనక చీకటి కొట్టు. ఆ కొట్టు ఉన్న చోటే ఇప్పుడు నీ గది. తలుపు కూడా దానిదే. రంగం టేకు, పారేయడానికి మీ నాన్నకి మనసొప్పలేదు.

రంగం అంటే నాటకాలాడే రంగం కాదే తల్లీ. బర్మాలో రంగూను. మనవాళ్ళ నోట్లో పడి రంగం అయింది. అప్పట్లో ఈ చుట్టుపక్కల రంగం మొహం చూడని వీధి లేదు. కోతలైపోయి చేతికి పని లేకపోతే కళింగపట్నంలోనో భీమిలిలోనో విశాఖపట్నంలోనో పొగ ఓడ ఎక్కీవారు. అక్కడ బియ్యం మిల్లులు, రేవులో మోత, రిక్షా లాగుడు. మనవాళ్ళని అక్కడివాళ్ళు కోరంగీలు అనీవారు. మా మామగారి తండ్రి, అంటే నీ ముత్తాతకి తండ్రి, ఆ పనికి మనుషుల్ని తీసుకెళ్ళే మేస్త్రీ. ముందు ఇంటివాళ్ళ చేతిలో బయానా పెట్టి, ఓడ చార్జీ తనే కట్టి, తర్వాత కూలి డబ్బుల్లోంచి వడ్డీతో సహా లాగీవాడు. ఆ టేకు తలుపులు ఎన్ని వీపుల మీంచి దిగాయో నేను అడగలేదు. అడిగితే మా అత్త ‘ఇంటి గుట్టు లంకకు చేటే’ అని నా నోరు మూసీది. అప్పు తండ్రి దగ్గర్నుంచి కొడుకు మెడకి ఎలా చుట్టుకుంటుందో కారా మాస్టారు ‘యజ్ఞం’లో రాశారు. శ్రీకాకుళంలో ఆయన పెట్టిన కథానిలయానికి వెళ్తే దొరుకుతుంది, చదువు. మన ఇంటికి చుట్టుకున్నది మాత్రం పత్రం లేని అప్పు.

ఎలాగంటావా? రంగం వెళ్ళేవాడు ఇంట్లో ఉన్న కాస్త వెండి ఎక్కడ దాస్తాడు? బ్యాంకులు వాడి కోసం తెరిచి కూచున్నాయా? మేస్త్రీ పెళ్ళాం దగ్గర ఇల్లడ పెట్టీవాడు. ఆ పెద్ద ముసలమ్మకి అక్షరం ముక్క రాదు. అయితేనేం, ఆవిడ పద్ధతి ఆవిడది. “మూటతోపాటు నీ పనిలోంచి ఒక గురుతు ఇయ్యి” అనీదట. కల్లు గీసేవాడు మోకు ముక్క, చేపలవాడు వల ముడి, గొర్రెల కాపరి ఉన్ని పోచ. అవన్నీ మేస్త్రీ రంగం నుంచి తెచ్చిన ఎర్ర లక్క పెట్టెలో వేసి, పెట్టె చీకటి కొట్టులో మూటల పక్కన పెట్టీది. నీ పాస్‌వర్డులు నువ్వు మర్చిపోతావు గానీ, ఆవిడ ఒక్క గురుతూ మర్చిపోలేదు.

ఇక్కడ అడ్డపొగ గురించి చెప్పకపోతే కథ నడవదు. మన ఆడవాళ్ళు చుట్ట వెలిగించి, వెలిగిన కొస నోట్లో పెట్టుకునీవారు. నీకు అసహ్యంగా ఉంటుంది గానీ, పొలంలో వంగి ఊడ్పు ఊడుస్తున్నా, పొయ్యి దగ్గర కూర కలుపుతున్నా, చంటిదానికి పాలిస్తున్నా నోట్లో నిప్పు నోట్లోనే. మాటలకీ అడ్డం లేదు, తగువులకీ అడ్డం లేదు. బయటికి పొగే గానీ నిప్పు కనబడదు. అర్ధణా పెడితే చుట్టలకట్ట వచ్చీది, రెండ్రోజులకి సరి. నిప్పు లేనిదే పొగ రాదన్నవాడు శ్రీకాకుళం జిల్లా ఆడదాన్ని చూసుండడు.

ముసలమ్మ కూడా అంతే. రోజూ దీపం ఆర్పేశాక చీకటి కొట్టులో కూచుని, నోట్లో నిప్పు పెట్టుకుని, మూటలు తడిమి లెక్కపెట్టీదట.

1941 డిసెంబరు 23న రంగం మీద జపానువాళ్ళ బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు ఎంతమంది? లక్షల మంది కాలినడకనే బయల్దేరారు, అరకాన్ కొండల మీంచి కొందరు, మణిపురం దారిన కొందరు. ఆకలి, కలరా, చలిజ్వరం. మేస్త్రీని దారిలో చూశానని ఒకడు చెప్పాడు. తర్వాత చూసినవాడు లేడు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా బాంబులు పడితే, మన ఊళ్ళోనూ జనం మూటాముల్లే సర్దుకున్నారట. ముసలమ్మ మాత్రం కొట్టు గుమ్మం వదల్లేదట. “నాను పోతే ఆల్లొచ్చి ఎవుర్ని అడుగుతారు?” అందట.

తిరిగొచ్చినవాళ్ళు గురుతు చెప్పి మూటలు పట్టుకెళ్ళారు. ఏడు మూటలు మిగిలిపోయాయి. పన్నెండేళ్ళు ఆ ఏడూ లెక్కపెట్టి, 1953లో పోయింది.

దినవారాలు అయిన నెలకి మొదలైంది. అర్ధరాత్రి కొట్టులోంచి చుట్ట వాసన. తలుపు తీస్తే నిప్పు కణిక లేదు. గొంతు మాత్రం, “ఒకటి… రెండు… మూడు…” ఆరుదాకా వచ్చి ఆగీది. మళ్ళీ ఒకటి. తెల్లారేదాకా ఆరు దాటీది కాదు.

మా మామగారు భూతవైద్యుణ్ణి పిలిపించారు. రెండు కోళ్ళు, సారా సీసా, వేపమండలు, నిమ్మకాయలు, ఐదు రూపాయల దక్షిణ. ఐదు రూపాయలంటే ఆ రోజుల్లో చిన్న మాట కాదు. మొదటి కోడి దెయ్యానికి, రెండోది తనకి అన్నాడట. రెండూ తనే తిని, సారా తాగి, కొట్టు గుమ్మంలోనే పడి గుర్రు పెట్టాడు. నడిరేయి లేచి “చుట్ట ఎవరు కాలుస్తున్నారు? నాకూ ఒకటి ఇయ్యండి” అన్నాడట. ఇచ్చారో ఏమో! తెల్లారేసరికి చెప్పులు ఇక్కడ, మనిషి చిలకపాలెంలో. ఆ చెప్పులు మీ తాత చాలా కాలం తొడుక్కున్నారు. గట్టి తోలు.

ఇవన్నీ నేను విన్న మాటలు. నేను కాపురానికి వచ్చింది 1961లో. కొత్త పైసలొచ్చి నాలుగేళ్ళయినా మా అత్తకి కోపం తగ్గలేదు. అణాకి ఆరు పైసలన్నారు, రూపాయికి పదహారణాలు, పదహారు ఆర్లు తొంభై ఆరు, మిగతా నాలుగు పైసలు ఎవడు మింగాడని సంతలో కనబడిన ప్రతి కొట్టువాణ్ణీ నిలదీసీది. లెక్క మన ఇంటి జబ్బు మరి.

పెళ్ళికి మా మామగారు నాకు వెండి దండకడియం పెట్టారు. పాతకాలపు పని, పైన ఆవగింజల్లా గుండ్లు. మా పుట్టింటివాళ్ళు మురిసిపోయారు. నేను గుమ్మంలో కాలు పెట్టగానే మా అత్త చెప్పిన మొదటి మాట ఏటో తెలుసా? “పొద్దు వాలాక దండకడియం తీసీ. ఉప్పుకుండలో పెట్టీ.” ఎందుకని అడగలేదు. అప్పట్లో కోడళ్ళు అడగరు. నీలాగ ప్రతిదానికీ గూగులమ్మని అడిగే కాలం కాదు.

ఒకరోజు మీ తాత, అరసవల్లి దేవుడి దర్శనమని ఇంట్లో చెప్పి, నన్ను శ్రీకాకుళం సినిమాకి తీసుకెళ్ళారు. నేల టిక్కెట్టు పావలా. ఆయన ముందు వరసలో, నేను ఆడవాళ్ళ వైపు. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూచుంటే ఊరు నవ్వదూ? ఏ సినిమా అంటావా? అటు వెళ్తే ఇక తెల్లారిపోతుంది. పొద్దుపోయి ఇంటికి వచ్చి, అలసటలో దండకడియం తియ్యడం మర్చిపోయాను.

ముందు వాసన తగిలింది. కళ్ళు తెరిస్తే కటిక చీకటి, ఎక్కడా చిన్న ఎరుపు లేదు. తర్వాత చల్లటి వేళ్ళు నా మోచేతి పైన ఆనాయి. పట్టుకోలేదు, లాగలేదు. సంతలో ముసలివాళ్ళు వెండి చూసినట్టు, ఒక్కో గుండూ తడుముతూ చుట్టూ తిరిగాయి. “ఆరు” అంది చెవి పక్కన. ఏదో జ్ఞాపకం తెచ్చుకుంటున్నట్టు ఆగింది. మళ్ళీ “ఒకటి.”

కేకెయ్యలేదే! గొంతు ఉంటే కదా.

పొద్దున్న దండకడియం కింద నా చేతి మీద చుట్ట నుసి ఉంది. మా అత్త అది చూసి కొంగుతో తుడిచింది. ఉప్పుకుండ పక్కన చతికిలబడి మొత్తం కక్కేసింది. ముసలమ్మ పోయిన ఏడే మా మామగారు ఏడు మూటల్లో ఒకటి విప్పారట. “రంగం పోయినోడు మరొస్తాడేటి?” అన్నారట. ఆ మూటలోది నా దండకడియం. ఎనిమిదేళ్ళు ఆవిడ ఈ మాట కడుపులో పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా నోరు మెదపకుండా తిరిగింది. ఆ రోజు నాకు దించేసి, హాయిగా రెండు పూటలా అన్నం తింది. కడుపులో గుట్టు దిగిపోతే ఆకలి వేస్తుంది కాబోలు.

లక్క పెట్టె తీసి చూశాం. ఏడు గురుతులు, ఆరు మూటలు. ఆరు గురుతుల్నీ ఆరు మూటలతో జత కలిపేసింది మా అత్త. ఏడోది చేప ఎముక. వేలెడంత దవడ, సన్నటి పళ్ళు, దువ్వెనలాగ. చేప ఎముక అంటే చేపలవాడిదే కదా, మీ తాత సైకిలెక్కి బుడగట్లపాలెం వెళ్ళారు. అక్కడొక పెద్దాయన దాన్ని తిప్పి చూసి “ఇది మా సముద్రం సేప కాదు బావూ, ఏటి సేప” అన్నాడట. మీ తాత ఇంటికొచ్చి “వాళ్ళది కాదట” అన్నారు. అంతే! ఏటి చేప అన్న మాట నాకు చెప్పడం మర్చిపోయారు. మగవాళ్ళని పని మీద పంపితే ఇంతే, సగం మాట దారిలో పారేసుకుంటారు.

నాలుగేళ్ళు నేను దండకడియం తొడగలేదు, ఆవిడ లెక్క ఆపలేదు. అలవాటైపోయింది. పసిపిల్లలు ఆ లెక్క వింటూ నిద్రపోయీవారు. మీ నాన్న ఆరు అంకెలూ అక్కడే నేర్చుకున్నాడు. ఏడు నేర్పడానికి పంతులు గారు పడ్డ పాట్లు ఇంకో కథ.

ఒక సంక్రాంతికి మా మామగారికి పంచె కొనడానికి పొందూరు వెళ్ళాం. గాంధీగారు మెచ్చిన ఖద్దరు కదా, పండక్కి ఆయనకి అదే కావాలి. ఒక ఇంటి అరుగు మీద ఒకామె పత్తి ఏకుతోంది. దూది పోచలు దువ్వి, గింజ దగ్గరి నలుసంతా తీస్తోంది. చేతిలో ఏటుందో చూద్దును కదా, నా కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. అదే దవడ! అవే పళ్ళు! వాలుగ చేప దవడట. పొందూరులో పత్తి దానితోనే ఏకుతారు. అది చేపలవాడి గురుతు కాదే, నేతవాళ్ళ గురుతు.

ఈ వీధిలో ఎవరైనా రంగం వెళ్ళి రానివాళ్ళున్నారా అని అడిగాను. చివరింట్లో ఒక ముసలామెని చూపించారు. ఆమె మొగుడు 1940లో వెళ్ళాడట. బొట్టు తియ్యాలో ఉంచాలో తెలియక పాతికేళ్ళు ఉంచేసుకుంది. మర్నాడు మళ్ళీ బస్సెక్కి, దండకడియం, దవడ రెండూ కొంగున కట్టుకుని వెళ్ళాను. దండకడియం చేతికి తొడుక్కుంది. మోచేతి పైన నిలవలేదు, సర్రున మణికట్టు దాకా జారింది. అంత ఎండిపోయింది మనిషి. దాన్ని పట్టించుకోలేదు. దవడ అందుకుని, బొటనవేలితో పళ్ళన్నీ మీటి, “ఇది మా అత్తదమ్మా. ఇలాటిది మళ్ళీ దొరకనేదు. పట్టుకుపోయేడని ఎన్ని తిట్టేనో ఆయన్ని” అంది. అప్పుడు ఏడ్చింది.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు, మా అత్తకి తప్ప. ఆ రాత్రి ఇద్దరం కొట్టు గోడకి ఆనుకుని కూచున్నాం. వాసన వచ్చింది. “నాలుగు… ఐదు… ఆరు.” నేను ఊపిరి బిగబట్టాను, మళ్ళీ ఒకటి అంటుందేమోనని. అనలేదు. మా అత్త తన చుట్ట తీసి గోడ అవతలికి పొగ వదిలింది, మర్యాదకి.

తర్వాత కరెంటొచ్చింది. మాచ్‌ఖండ్‌లో 1955లోనే పుట్టిందట గానీ, మన ఇంటి గుమ్మం ఎక్కడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. బల్బు పెడితే దెయ్యాలు పోతాయన్నారు. కళ్ళతో లెక్కపెట్టేదానికి గానీ వేళ్ళతో లెక్కపెట్టేదానికి బల్బుతో ఏం పని? నేనూ మీ తాతా ఒక్కో గురుతూ పట్టుకుని తిరిగి, నాలుగు మూటలు చేర్చాం. మోకు ముక్కవాడి మనవడు మీ యూనివర్సిటీలోనే ఉద్యోగం చేస్తున్నాడు. పేరు చెప్పను, నువ్వు ఊరంతా చాటుతావు. ఇంకా రెండు ఉండిపోయాయి. ఉన్ని పోచా, ఒక గవ్వా. నీ మంచం కింద ట్రంకు పెట్టె ఉంది కదా, దాన్ని అటూ ఇటూ లాగొద్దని అందుకే అంటాను.

ఆఁ, చుట్ట తగువు. నేను మానేసింది మీ యూనివర్సిటీ ఎచ్చెర్లలో పెట్టిన 2008లో. అంగిట్లో పుండు పడితే డాక్టరు నానా మాటలూ అన్నాడు. అప్పట్నుంచి చుట్ట ముట్టుకుంటే ఒట్టు. నా కేసి అలా చూడకు, బొగ్గు ఎగదోయి, కాలు చల్లబడుతోంది.

ఒలే, నిజం చెప్పు. రాత్రి వాసన ఒక్కటేనా, లెక్క కూడా వినబడిందా? ఎంతదాకా?

రెండు దాకానా? ఆ తర్వాత ఆగిపోయిందా?

హమ్మయ్య. సరిపోయింది.