తెలివితక్కువ పాత్రకి ఏ యాస?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో అమెరికాలో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని తయారుచేశారు. కంప్యూటర్ అక్కర్లేదు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని కథ నడిపిస్తారు. పాత్రకి బలం, తెలివి, వివేకం లాంటి ఆరు గుణాలు. పాత పద్ధతిలో మూడు పాచికలు వేసి ఒక్కోదానికి 3 నుంచి 18 దాకా మార్కులిస్తారు. 3 పడే అవకాశం 216లో ఒక్కటే. కానీ ఎవరికో ఒకరికి పడుతుంది.

చిక్కంతా అక్కడే. బీటెక్ చదివినోడు తెలివి 3 ఉన్న పాత్రని ఎలా ఆడాలి? చాలామంది మాట మార్చేస్తారు. వ్యాకరణం విరిచేసి ముద్దముద్దగా మాట్లాడతారు. అంటే భాష తక్కువైతే బుర్ర తక్కువ అన్నమాట!

ఇది అమెరికా వాళ్ళు కనిపెట్టిందేం కాదు. సంస్కృత నాటకాల్లో రాజుకి సంస్కృతం, ఆడపాత్రల్లో ఎక్కువమందికి, సేవకులకి ప్రాకృతం. విదూషకుడు బ్రాహ్మణుడైనా అతనికీ ప్రాకృతమే. శాకుంతలంలో మాధవ్యుడు, మృచ్ఛకటికంలో మైత్రేయుడు అలాంటివాళ్ళే. తమాషా ఏంటంటే, మా బసంత్‌నగర్‌కి ఎగువన గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికిన శాతవాహనుల నాణేల మీద ఉన్నదీ ప్రాకృతమే. రకాలు వేరైనా కుటుంబం ఒకటే. నాణెం మీద రాజముద్ర, నాటకంలో నవ్వులాట!

తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు పద్యాలు చదువుతారు. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వాడుకమాటల్లో నవ్విస్తారు. అయితే అక్కడ తెరమీదా, తెరముందూ ఒకటే భాష. ఊరు తనని చూసి తనే నవ్వుకుంటుంది.

సినిమాకొచ్చేసరికి ఆ లెక్క తప్పింది. దశాబ్దాలపాటు హీరోకి కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ళ భాష, రౌడీకీ కమెడియన్‌కీ తెలంగాణ యాస. చూసేవాళ్ళకి అది అలవాటైపోయింది. నా మొదటి ప్రాజెక్టులో "ఎట్లనో గట్ల చేద్దాం" అంటే నవ్వినవాళ్ళున్నారు. నా కోడ్ చూసి మాత్రం నవ్వలేదు లెండి. 2017లో ఫిదా, 2023లో బలగం, దసరా వచ్చాక గానీ కాస్త మార్పు కనపడలేదు. దసరాలో హీరోనే సింగరేణి బొగ్గు ఊరి మనిషి.

మరి తెలివితక్కువ పాత్రని ఎలా ఆడాలి? జవాబు మన దగ్గరే ఉంది. పరమానందయ్య శిష్యుల కథలు గుర్తుతెచ్చుకోండి (1966లో సినిమాగా కూడా వచ్చింది). వాళ్ళ మాటలో వంకేం లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, తర్వాత ఏమవుతుందో ఆలోచించరు. అచ్చం మనం రాసే ప్రోగ్రాముల్లాగే! నవ్వు పుట్టేది అక్కడ. పైగా ఆ ఆటలో వివేకం వేరే గుణం. తెలివి 3 ఉన్నోడికి వివేకం 15 ఉండొచ్చు. అందరూ తలూపుతున్నప్పుడు "ఎందుకు?" అని అడిగేది వాడే కావచ్చు.

కాబట్టి పాచికలు తక్కువ పడితే పాత్ర ఆలోచన మార్చండి. యాస జోలికి పోకండి. అది ఎవరో ఒకరి అమ్మ మాట్లాడే భాష.