పిల్లల మనసు చదివిన పరిశోధక విద్యార్థులు

బాల్య, కౌమార దశల్లో మనసు ఎలా ఎదుగుతుందన్న ప్రశ్న అమెరికా విశ్వవిద్యాలయాల్లో పరిశోధనాంశంగా స్థిరపడింది 19వ శతాబ్దం చివర్లో. ఆ పునాది వేసిన వారిలో పేరున్న ఆచార్యులతో పాటు పట్టా కోసం శ్రమించిన విద్యార్థులూ ఉన్నారు. కొద్దిమంది పిల్లలతో వారు చేసిన అధ్యయనాలే తర్వాత ఈ శాస్త్రానికి పద్ధతులనూ, కొన్నిసార్లు చేదు గుణపాఠాలనూ ఇచ్చాయి. పెద్దలు చెప్పిన మాటతో మొదలైన ఈ పరిశోధన పిల్లల మాట వినేదాకా రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో క్లార్క్ విశ్వవిద్యాలయం 1889లో ప్రారంభమైంది. తొలినాళ్లలో అక్కడ డిగ్రీ తరగతులు లేవు, ఉన్నత పరిశోధన ఒక్కటే ఉండేది. దాని తొలి అధ్యక్షుడు జి. స్టాన్లీ హాల్ 1891లో ‘పెడగాజికల్ సెమినరీ’ పత్రికను స్థాపించారు. కౌమారం మీద 1904లో రెండు సంపుటాల గ్రంథం వెలువరించారు. ఆయనా, ఆయన విద్యార్థులూ 1894 నుంచి భయం, కోపం, బొమ్మలాట వంటి అంశాల మీద ప్రశ్నావళులు తయారుచేసి ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ పంపేవారు. జవాబులు కుప్పలుగా వచ్చేవి. అయితే అవి చాలావరకు పిల్లల గురించి పెద్దలు గుర్తుచేసుకుని రాసినవే కావడంతో ఆ పద్ధతి మీద విమర్శలు తప్పలేదు.

హాల్ ఇంట్లో సోమవారం సాయంత్రాలు సెమినార్ జరిగేది. ఒక విద్యార్థి పత్రం చదివితే మిగిలినవారు దాన్ని గట్టిగా ప్రశ్నించేవారు. అక్కడ తర్ఫీదు పొందిన ఆర్నాల్డ్ గెసెల్ అసూయ మీద సిద్ధాంత వ్యాసం రాసి 1906లో డాక్టరేట్ అందుకున్నారు. 1911లో యేల్‌లో శిశు వికాస క్లినిక్ నెలకొల్పారు. అక్కడి మరో విద్యార్థి లూయిస్ టెర్మన్ ప్రశ్నావళిని పక్కనబెట్టి నేరుగా పిల్లలతోనే కూర్చున్నారు. చదువులో చురుకైన ఏడుగురు అబ్బాయిలను, వెనుకబడిన ఏడుగురిని తీసుకుని చిక్కు ప్రశ్నలు, భాష, చదరంగం, చేతి నేర్పు వంటి పరీక్షలు పెట్టారు. మానసిక పరీక్షలంటే హాల్‌కు గిట్టకపోవడంతో ఎడ్మండ్ శాన్‌ఫర్డ్‌ను గైడ్‌గా ఎంచుకున్నారు. 1905లో డాక్టరేట్ పొందిన టెర్మనే 1916లో స్టాన్‌ఫర్డ్–బినే ప్రజ్ఞా పరీక్షను రూపొందించారు.

1920లలో ఈ రంగానికి డబ్బు వచ్చింది. అయోవా విశ్వవిద్యాలయంలో శిశు సంక్షేమ పరిశోధన కేంద్రం 1917లోనే ఏర్పడింది. తర్వాత రాక్‌ఫెల్లర్ కుటుంబ నిధితో కొలంబియా, మిన్నెసోటా, బర్క్‌లీ వంటి చోట్ల పరిశోధన సంస్థలు వెలిశాయి. వాటికి అనుబంధంగా నడిచిన నర్సరీ బడుల్లో విద్యార్థులు పిల్లలను రోజూ దగ్గర నుంచి గమనించే వీలు కలిగింది.

ఈ పరిశీలన ఎంత ఓపికతో సాగాలో మేరీ కవర్ జోన్స్ చూపించారు. కొలంబియాలో డాక్టరేట్ పూర్తికాకముందే ఆమె పీటర్ అనే పిల్లవాడి భయం పోగొట్టే ప్రయత్నం చేశారు. అప్పటికి వాడి వయసు రెండేళ్ల పది నెలలు. కుందేలును చూసినా, బొచ్చు కోటును చూసినా, చివరికి దూదిని చూసినా జడుసుకునేవాడు. మొదట భయం లేని పిల్లలతో కలిపి ఆడించారు. కొంత మెరుగుపడ్డాక జ్వరంతో ఆసుపత్రి పాలయ్యాడు. ఆపై ఒక పెద్ద కుక్క మీదికి రావడంతో భయం మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు వాడికి ఇష్టమైనది తినిపిస్తూ, తిండి మానేయనంత దూరంలో కుందేలు పంజరాన్ని ఉంచి, రోజురోజుకూ దగ్గరికి జరిపారు. చివరికి పీటర్ కుందేలును నిమిరాడు, తన వేళ్లు కొరకనిచ్చాడు. 1924లో హాల్ పత్రికలోనే అచ్చయిన ఈ అధ్యయనం ప్రవర్తనా చికిత్సకు తొలి మెట్టుగా నిలిచింది.

హోవార్డ్ విశ్వవిద్యాలయంలో మేమీ ఫిప్స్ క్లార్క్ 1939లో రాసిన మాస్టర్స్ వ్యాసం నల్లజాతి పసిపిల్లల్లో ‘నేను’ అన్న ఎరుక ఎలా రూపుదిద్దుకుంటుందో పరిశీలించింది. తర్వాత ఆమె, భర్త కెనెత్ కలిసి 3 నుంచి 7 ఏళ్ల వయసున్న 253 మంది నల్లజాతి పిల్లల ముందు తెల్లరంగు, గోధుమరంగు బొమ్మలు ఉంచారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆడుకోవడానికి తెల్లబొమ్మనే కోరుకున్నారు. నీలా ఉన్న బొమ్మ ఏదని అడిగినప్పుడు కొందరు ఏడుస్తూ గది విడిచి వెళ్లిపోయారు. కొలంబియాలో ఆమె డాక్టరేట్‌కు గైడ్‌గా ఉన్న హెన్రీ గారెట్ వర్జీనియా కోర్టులో జాతుల వేర్పాటును సమర్థిస్తే, దాన్ని ఖండిస్తూ ఆమె సాక్ష్యం చెప్పారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో వేర్పాటు చెల్లదని తీర్పిస్తూ కెనెత్ క్లార్క్ రచనను ఉటంకించింది.

అదే 1939లో అయోవా విశ్వవిద్యాలయంలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని మాస్టర్స్ వ్యాసం కోసం 22 మంది అనాథాశ్రమ పిల్లలపై నత్తి గురించి ప్రయోగం జరిగింది. గైడ్ వెండెల్ జాన్సన్. బాగా మాట్లాడే ఆరుగురు పిల్లలకు, మీ మాటలో దోషం ఉందని పదేపదే చెప్పారు. వారికి శాశ్వతంగా నత్తి రాలేదని తర్వాతి పరిశీలకులు తేల్చినా, ఆ పిల్లలు నోరు విప్పడానికే జంకారు. అసలు ఉద్దేశమేమిటో వారికి తెలియదు, వారి తరఫున అడిగేవారూ లేరు. 2001లో ఒక పత్రిక ఈ సంగతి బయటపెట్టడంతో విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం బాధితులకు 9,25,000 డాలర్ల పరిహారానికి అంగీకరించింది.

అంతకు చాలా ముందే, మనుషులపై ఇతర పరిశోధనల్లో బయటపడిన ఇలాంటి అన్యాయాల ఫలితంగా 1974లో అమెరికా జాతీయ పరిశోధన చట్టం తెచ్చింది, 1979లో బెల్‌మాంట్ నివేదిక నైతిక సూత్రాలను నిర్దేశించింది. పిల్లల కోసం 1983లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం పరిశోధనకు నైతిక సమీక్షా మండలి ఆమోదం కావాలి, తల్లిదండ్రుల అనుమతి కావాలి. అర్థం చేసుకోగల వయసు వచ్చిన పిల్లలైతే వారి సొంత సమ్మతి కూడా కావాలి. పట్టా కోసం రాసే వ్యాసమైనా, పేరున్న ఆచార్యుడి ప్రాజెక్టయినా అక్కడ పాటించాల్సిన పద్ధతి ఒక్కటే. ఒక పిల్లవాడు వద్దని తల అడ్డంగా ఊపితే సాధారణంగా పరిశోధకుడు ఆగాల్సిందే.