క్రైస్తవ మిషన్, సంఘ ఐక్యత: జీడిమెట్ల, తెలుగు ప్రాంతాలు

వేర్వేరు దేశాల మిషన్లు నాటిన సంఘాలను ఒక్కటి చేయడానికి జరిగిన కృషే సంఘ ఐక్యతా ఉద్యమం. తెలుగు నేలలో దాని ప్రధాన ఫలం 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సిఎస్‌ఐ). హైదరాబాద్ ఉత్తరాన మేడ్చల్ దారిలో ఉన్న జీడిమెట్ల, ఆ సంఘపు మెదక్ అధ్యక్ష మండలం పరిధిలోనిది.

పందొమ్మిదో శతాబ్దం నుంచి మిషన్లు ఒకరి చోటికి ఒకరు వెళ్లకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. గుంటూరు లూథరన్లది, అక్కడికి వారి మిషనరీ హయ్యర్ 1842లో వచ్చాడు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి, కాకినాడ కెనడియన్ బాప్టిస్టులది, మెదక్ వెస్లియన్ మెథడిస్టులది, దోర్నకల్ ఆంగ్లికన్లది. ఒక కుటుంబం ఏ సంఘానికి చెందుతుందో చాలావరకు ఊరే తేల్చింది. కులమూ తేల్చింది. 1878 జూలై 3న జాన్ క్లౌ నాయకత్వంలోని ఒంగోలు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. ఆ ఉద్యమంలో చేరినవారిలో అత్యధికులు మాదిగలు. గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. సంఘాల మధ్య గోడలను సిద్ధాంత భేదాలతోనే వివరించడం ఈ చరిత్రకు అన్యాయం చేయడమే.

ఐక్యత కోసం గట్టిగా పట్టుబట్టినవాడు వి.ఎస్. అజరయ్య (1874–1945). తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకుముందు 1910 ఎడిన్‌బరో మిషనరీ సభలో, పాశ్చాత్య మిషనరీలు భారతీయులకు త్యాగాలే కాదు, స్నేహం కూడా ఇవ్వాలని నిలదీశాడు. 1919 మేలో తరంగంబాడిలో సమావేశమైన సంఘ నాయకుల్లో దాదాపు అందరూ భారతీయులే. సువార్త చెప్పే పనికి తమ చీలికలే అడ్డమని వారు ప్రకటించారు. ఐక్యత కోరిక మిషన్ అవసరం నుంచి పుట్టిందనడానికి ఇదే బలమైన ఆధారం.

చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. బిషప్ పదవి దగ్గరే పెద్ద చిక్కు: బిషప్ చేతులుంచి అభిషేకించని పాస్టర్లను ఆంగ్లికన్లు ఎలా ఒప్పుకోవాలి? చివరికి అప్పటికే ఉన్న పాస్టర్లందరినీ ఉన్నట్టే స్వీకరించి, కొత్త అభిషేకాలు మాత్రం బిషప్పుల చేతే జరపాలని తీర్మానించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఏకమైన కాంగ్రిగేషనల్–ప్రెస్బిటేరియన్లు కలిశారు. ఆ రోజును చూడకుండానే అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు.

లూథరన్లు, బాప్టిస్టులు, అమెరికన్ మెథడిస్టులు బయటే ఉండిపోయారు. నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది కూడా అప్పట్లో చేరలేదు. అయినా ఈ సంఘాలన్నిటికీ పాట ఒక్కటే: పురుషోత్తమ చౌధరి కీర్తనలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం లూథరన్ల ఆరాధనలోనూ బాప్టిస్టుల ఆరాధనలోనూ వినిపిస్తుంది. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్ర క్రైస్తవ థియోలాజికల్ కళాశాలలో వేర్వేరు సంఘాల భావి పాస్టర్లు ఒకే తరగతిలో కూర్చుంటారు. కాగితం మీద కుదరని ఐక్యత ఈ రెండు చోట్లా నిజంగా కుదిరింది.

హైదరాబాద్‌లో హెబ్రోను ప్రార్థనా మందిరం కేంద్రంగా పనిచేసిన సువార్తికుడు భక్త్ సింగ్ (1903–2000) ఐక్యతకు వేరే మార్గం పట్టాడు. సంఘాలను కలపడానికి బదులు, ఏ శాఖ పేరూ లేని స్థానిక సహవాసాలను కట్టాడు. జీడిమెట్ల గ్రామంలోని లోగోస్ భవన్ నుంచి పనిచేసిన ఆపరేషన్ మొబిలైజేషన్‌ది మూడో తరహా: జార్జి వెర్వర్ ప్రారంభించిన ఆ అంతర్జాతీయ సంస్థ, సభ్యులు ఎవరి సంఘంలో వారుంటూనే పుస్తకాలతో, సువార్త పనితో కలిసి నడిచే ఏర్పాటు. లోగోస్ అన్నది 1970లో ఆ సంస్థ కొన్న తొలి ఓడ పేరు.

జీడిమెట్ల పారిశ్రామికవాడకు, ఆ తర్వాత సైబరాబాద్‌కు అన్ని జిల్లాల నుంచి జనం రావడంతో మిషన్లు గీసుకున్న పాత హద్దులు చెరిగిపోయాయి. గుంటూరు లూథరన్, ఒంగోలు బాప్టిస్టు, మెదక్ సిఎస్‌ఐ కుటుంబాలు ఇప్పుడు ఒకే బస్తీలో ఉంటాయి. ఆదివారం దగ్గరలోని స్వతంత్ర ప్రార్థనా మందిరంలో కలిసి కూర్చునేవారూ ఉన్నారు. పెళ్లికీ, సమాధుల తోటలో స్థలానికీ మాత్రం చాలామంది ఇప్పటికీ సొంత సంఘపు సభ్యత్వాన్నే వెతుక్కుంటారు.