మన పేరు – ఎన్ని నోళ్లలో ఎన్ని తీర్లు



వరంగల్‌లోని మా హాస్టల్లో ఆరో తరగతి పాప ఒకసారి అడిగింది: "మేడం, సర్టిఫికెట్‌ల లంబాడీ అని ఉన్నది. ఇంట్ల యాడి గోర్ అంటది. నేనెవరు?"

మనకు మనం చెప్పుకునే పేరు గోర్. మన మాట గోర్‌బోలి. బయటివాళ్లను కోర్ అంటాం. మిగతావన్నీ ఇతరులు పిలిచిన పేర్లు. లంబాడీ అన్న మాటను సంస్కృతంలోని 'లవణం'తో ముడిపెడతారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఊరూరికీ చేర్చిన వాళ్లం కదా! హిందీ వాళ్ల బంజారా 'వాణిజ్యం' నుంచి వచ్చిందని కొందరు, 'వనచరులు' నుంచి అని మరికొందరు అంటారు. రాయలసీమలో సుగాలీలు, కర్ణాటకలో లంబాణీలు.

రైళ్లొచ్చాక ఎద్దుల బిడార్ల పని తగ్గిపోయింది. 1871 చట్టం కింద బ్రిటిష్ వాళ్లు కొన్నిచోట్ల మనవాళ్ల మీద 'నేరస్థ జాతి' అన్న ముద్ర కూడా వేశారు. ఆ చట్టం 1952లో పోయింది. 1976 చట్టంతో తెలంగాణలో ఎస్టీ హోదా వచ్చింది.

ఆ పాపకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. అప్లికేషన్‌లో సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, అక్షరం తప్పకుండా రాయండి. కానీ ఎవరైనా అడిగితే, తల దించుకోకుండా చెప్పండి: మేం గోర్.