కన్నది అమ్మ, నేను "అమ్మా" అని పిలిచింది అమ్మమ్మను

ఇప్పుడు నేను పురానీ హవేలీలో ఉన్నాను. ఇక్కడి పిల్లల ఆసుపత్రికి ఉన్న పేరు దుర్రుషెహ్వార్. ఆమె చివరి ఒట్టోమన్ ఖలీఫా కూతురు, ఏడో నిజాం పెద్ద కోడలు. 1933లో ఆమెకు ముకర్రమ్ జా పుట్టాడు. తర్వాత ఏడో నిజాం సొంత కొడుకు ఆజం జాను పక్కనపెట్టి, ఈ మనవడినే వారసుడిగా ప్రకటించాడు. అంటే వారసత్వం ఎవరిదో రక్తం చూసి, ఫర్మానా రాసి తేల్చొచ్చు. మరి పసిపిల్ల మనసు ఎవరిదో ఎవరు తేలుస్తారు?

నాకు ఈ ప్రశ్న ఊరికే రాలేదు. నేను పెరిగింది ఇక్కడికి దగ్గర్లోనే, లాల్‌దర్వాజాలో, అమ్మమ్మ ఇంట్లో. అమ్మకు నిజామాబాద్‌లో ఉద్యోగం. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లేది. నాలుగేళ్లు వచ్చేదాకా నేను అమ్మమ్మనే "అమ్మా" అని పిలిచానట. మొన్న బోనాలప్పుడు అమ్మ నవ్వుతూనే అంది, "నేను ఎత్తుకుంటే దిగి ఆమె దగ్గరికి ఉరికేటోడివి." ఆ నవ్వు వెనక ఏముందో నాకు అర్థమైంది. జవాబు మాత్రం దొరకలేదు.

సరే, చరిత్రలోకి వెళ్దాం. పాలిచ్చే వాళ్లనే బిడ్డ ప్రేమిస్తుందని ఒకప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు నమ్మారు. 1928లో జాన్ వాట్సన్ అయితే పిల్లల్ని ముద్దు చేయొద్దనే రాశాడు. 1950లలో హ్యారీ హార్లో కోతిపిల్లల ముందు రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. ఒకటి తీగతో చేసింది, పాలసీసా దానికే ఉంది. రెండోది మెత్తటి గుడ్డది, పాలు లేవు. పిల్లలు తీగ బొమ్మ దగ్గర పాలు తాగి, మళ్లీ గుడ్డ బొమ్మనే కరుచుకున్నాయి.

అదే కాలంలో మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండా ఊళ్లలో 26 కుటుంబాలను గమనించింది. బిడ్డ ఏడిస్తే ఎందుకో పసిగట్టి స్పందించే తల్లుల దగ్గర పిల్లలు ధీమాగా ఉన్నారు. ఇంకో సంగతి, చాలామంది పిల్లలు తల్లితో పాటు నాన్నకో, నాయనమ్మకో కూడా దగ్గరయ్యారు.

మరి బయాలజీ? అది కూడా ఉంది. పుట్టిన రెండు మూడు రోజులకే బిడ్డ తల్లి గొంతును వేరే గొంతుల కన్నా ఎక్కువ ఇష్టపడుతుందని 1980లో తేలింది. కాన్పులో, పాలివ్వడంలో పనిచేసే ఆక్సిటోసిన్ హార్మోన్, బిడ్డను చూసుకునే నాన్నలో కూడా పెరుగుతుంది. కానీ 2003లో లైడెన్, లండన్ కవల పిల్లలపై చేసిన అధ్యయనంలో, ఆ ధీమా ఒక బిడ్డకు ఉండి ఇంకో బిడ్డకు లేకపోవడంలో జన్యువుల పాత్ర దాదాపు కనిపించలేదు. ఇంటి వాతావరణం పాత్రే ఎక్కువగా కనిపించింది. నాకు అర్థమైంది ఇది: ఎవరో ఒకరికి అతుక్కోవాలన్న కోరిక పుట్టుకతో వస్తుంది. ఎవరికి, ఎంత నమ్మకంతో అన్నది రోజూ ఎత్తుకునే చేతుల్లో ఉంటుంది.

ఇదంతా చదివాక అమ్మమ్మను అడిగాను. ఆమె అంది, "శనివారం పొద్దుగూకంగనే గడప మీద కూసుంటుంటివి బిడ్డా. బస్సు లేటైతే బువ్వ ముట్టకపోతుంటివి."

ఆ మాట అమ్మకు ఫోన్‌లో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నాకెవ్వరు చెప్పలేదురా" అంది.

మీ ఇంట్లో కూడా ఒకసారి అడిగి చూడండి ఫ్రెండ్స్, చిన్నప్పుడు మీరు ఎవరి కోసం ఎదురుచూసేవాళ్లో. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.